మట్టిలో కర్బనం: పైసలు ఎవరి చేతికి?

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా ముందు నిలబడి 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆనాటి మాట భూమిది. ఇవాళ ఆ భూమిలో దాగే కర్బనానికి కూడా బేరం మొదలైంది. మొన్న కూలీల మీటింగులో ఒక పెద్దమ్మ అడిగింది: "గాలిని అమ్ముతరట గదా బిడ్డా, మనకు కూలి ఎంతొస్తది?"

అడగాల్సిన ప్రశ్నే. మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ఆకు, వేరు, పెంట నేలలో మురిగితే అందులో కొంత కర్బనం మట్టిలోనే నిలుస్తుంది. నేల సత్తువకు ఇదే మూలం. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976లో నల్లరేగడిలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వానకాలం బీడుపెట్టి యాసంగిలో జొన్నో శనగో వేసే పాత పద్ధతి ఒక పక్క. ఎత్తు మడులు, కాలువలు, కంది అంతరపంట, మేలు విత్తనం, ఎరువు ఇంకో పక్క. పాత పద్ధతిలో హెక్టారుకు 1.1 టన్నుల గింజలొస్తే కొత్త దాంట్లో 5.1 టన్నులొచ్చాయి. కర్బనం ఏటా హెక్టారుకు సుమారు 330 కిలోలు ఎక్కువ నిలిచింది. తర్వాత ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని క్రీడా, నాగపూర్ నేల సర్వే సంస్థ కలిసి మెట్ట నేలల కర్బనం లెక్కలు తీశాయి. మన చెల్కల్లో అంతే నిలుస్తుందని నేననను. ఎర్రమట్టి తీరు వేరు.

ఇక పైసల లెక్క. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ నూనె లెక్కన 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును ప్రపంచబ్యాంకుకు అమ్మారు. వచ్చింది 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. ఆ ధర మన ఎకరానికి కట్టి చూడండి. 330 కిలోల కర్బనమంటే ఎకరానికి ఏటా దాదాపు అర టన్ను వాయువు, అంటే రెండు డాలర్ల పైచిలుకు! మధ్యలో కొలిచేవాడు, సర్టిఫికెట్ ఇచ్చేవాడు, దళారీ ఉండనే ఉంటారు. అసలు లాభం గింజలో ఉంది, పత్రంలో లేదు.

ఆ కాస్త పైసలైనా ఎవరికి? చెరువు పూడికమట్టి తట్టలకెత్తేది, పెంట చల్లేది కూలీలు. దున్నేది చాలాచోట్ల కౌలుదారు. పట్టా మాత్రం ఇంకొకరిది. 2018లో రైతుబంధు పట్టాదారుకే పోయింది, కౌలుదారు చేతులు ముడుచుకుని చూశాడు. 2024 జనవరిలో కేంద్ర వ్యవసాయశాఖ సాగులో స్వచ్ఛంద కర్బన మార్కెట్‌కు విధివిధానాలు విడుదల చేసింది. కంపెనీ మనిషి కాగితం పట్టుకుని మన ఊరికొచ్చే రోజు దూరం లేదు.

ఆ కాగితం తెలుగులో ఉండాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. కౌలుదారు పేరు, కూలీల పనిదినాలు అందులో రాయాలి. లేకుంటే వేలిముద్ర వేయొద్దు.