కేదారానికి దారి... ఊరి కొండ మీదుగానే!

టికెట్లు బుక్కయ్యాయి. స్వెటర్లు కొన్నారు. మంకీ క్యాపులు సర్దేశారు. పచ్చళ్లూ పొడులూ ప్యాకయ్యాయి. అన్నీ సిద్ధం... ఒక్క కాళ్లు తప్ప!

కేదార్‌నాథ్ యాత్రకు బయల్దేరే చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమిది. గౌరీకుండ్ నుంచి గుడిదాకా నడక దాదాపు 16 కిలోమీటర్లు. ఆ దూరంలోనే సుమారు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున లెక్కేస్తే అయిదొందల అంతస్తుల పైమాటే! 'రోజూ పార్కులో అరగంట నడుస్తున్నాంగా' అన్న ధీమా కాస్తా తొలి రెండు మలుపుల్లోనే కరిగిపోతుంది. అందుకే ప్రయాణానికి రెండుమూడు నెలల ముందే దగ్గర్లో ఉన్న కొండను వెతుక్కోవాలి.

పార్కు చాలదా?

చదునైన నేల మీద నడక గుండెకు మంచిదే. కానీ ఎక్కేటప్పుడు పని వేరు. అడుగు అడుగుకీ ఒంటి బరువు మొత్తాన్నీ పైకి లేపాలి. తొడలు, పిరుదులు, పిక్కల్లోని పెద్ద కండరాలన్నీ పనిలోకి దిగుతాయి. వాటికి ఆక్సిజన్ అందించడానికి గుండె వేగం పెంచుతుంది. పరుగెత్తకుండానే పరుగెత్తినంత వ్యాయామం అన్నమాట.

మెట్ల లెక్కతో మోసపోవద్దు

కొండను ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా. తిరుమలనే చూడండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. సంఖ్య చూసి రెండోదే సులువనుకుంటే పొరపాటే. అలిపిరి మెట్లు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటాయి. గాలిగోపురం దాటాక చాలా దూరం ఊపిరి తీసుకునే వీలుంటుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష! శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిలుకే. అంటే కిలోమీటరుకు వెయ్యికి పైగా మెట్లు. కొత్తవాళ్లు నిదానంగా సాగే దారితో మొదలుపెట్టి, కాళ్లు అలవాటుపడ్డాక నిటారు దారికి మారడం మేలు.

మరీ పెద్ద కొండే కావాలనేం లేదు. విశాఖవాసులకు సింహాచలం మెట్లున్నాయి. గుంటూరు, విజయవాడల వాళ్లకు మంగళగిరి పానకాల స్వామి కొండ ఉంది. హైదరాబాద్‌కు దగ్గర్లో భువనగిరి కోట ఉంది. ఏడాదికోసారి వెళ్లే పెద్ద కొండకన్నా వారానికి రెండుసార్లు ఎక్కగలిగే చిన్న గుట్టే నయం. వంద మీటర్ల గుట్టను మూడుసార్లు ఎక్కి దిగితే మూడొందల మీటర్లు ఎక్కినట్లేగా!

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలిపాఠాలు నేర్చుకున్నది ఆ భువనగిరి బండల మీదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్లు. దిగుతున్నప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువుకు బ్రేకు వేయాలి. ఒకట్రెండు రోజుల తర్వాత కాళ్లు పట్టేసేది అందుకే. అడుగులు చిన్నగా వేయాలి, చేతికర్ర వాడాలి. మోకాళ్లు మొరాయించేవాళ్లు తిరుమల లాంటిచోట నడిచి ఎక్కి, బస్సులో దిగొచ్చు.

ఇలా మొదలుపెట్టండి

* మొదటి రెండు వారాలు 20 నిమిషాలు ఎక్కితే చాలు. ఆపైన వారానికి అయిదారు నిమిషాలు పెంచుకోవాలి.
* పక్కవాళ్లతో ముక్కలు ముక్కలుగానైనా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లే. మాటే రాకపోతే తగ్గించాలి.
* నెల దాటాక వీపున రెండు కిలోల సంచి. యాత్రలో మోసేంత బరువుకు మెల్లగా చేరాలి.
* వేసవిలో ఎండెక్కకముందే దిగిపోవాలి. నీళ్లసీసా తప్పనిసరి. వానకు తడిసిన బండల జోలికి వెళ్లొద్దు.
* అడవిదారుల్లో ఒంటరిగా, చీకట్లో వెళ్లకూడదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఓ చిన్నారి బలైంది.
* బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు ముందు డాక్టర్ని కలవాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే అక్కడే ఆగి వైద్యసాయం తీసుకోవాలి.

ఒక్కటి మాత్రం ఊరి కొండ నేర్పలేదు... పల్చటి గాలిని తట్టుకోవడం! కేదార్‌నాథ్ ఎత్తు దాదాపు 3,580 మీటర్లు. ఎంత గట్టి కాళ్లున్నా అక్కడ తలనొప్పి, వాంతులు రావచ్చు. పూర్ణ, ఆనంద్ కూడా భువనగిరి తర్వాత హిమాలయాల్లో శిక్షణ పొందాకే ఎవరెస్టుకు వెళ్లారు. కాబట్టి దారిలో ఓ రాత్రి ఆగి, నిదానంగా ఎక్కాలి. లక్షణాలు ముదిరితే మొండికేయకుండా దిగిపోవాలి.

స్వెటర్లు చివరివారంలో కొనుక్కోవచ్చు. కాళ్ల బలం అలా కొంటే వచ్చేది కాదు. వచ్చే ఆదివారం పొద్దున్నే... ఇంటిల్లిపాదీ కొండకు పదండి!