మీటరు దూరానికి చోటేది?

2020 ఏప్రిల్‌లో సింగపూర్ ప్రజలకు చెప్పిన కరోనా జాగ్రత్తలు మనమూ విన్నవే. మనిషికీ మనిషికీ మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి, చేతులు తరచూ కడుక్కోవాలి, ఒంట్లో నలతగా ఉంటే విడిగా ఉండాలి. అదే నగరంలో ఆకాశహర్మ్యాలూ మెట్రో సొరంగాలూ కట్టే వలస కార్మికులు మాత్రం డార్మిటరీల్లో గదికి 12 నుంచి 16 మంది చొప్పున ఉండేవారు. బంగ్లాదేశీయులు, తమిళులు ఎక్కువ. మన జిల్లాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు.

ఆ గది ఎలా ఉంటుందో చూడండి. గోడల వెంట రెండంతస్తుల ఇనుప మంచాలు, కింద ఒకరు, పైన ఒకరు. ఆరేసిన బట్టలు మంచం కమ్మీలకే వేలాడుతుంటాయి. అప్పటి ప్రమాణం ప్రకారం 15 మందికి ఒక మరుగుదొడ్డి. వంటగది అందరిదీ. ఇందులో మీటరు దూరం ఎక్కడ పాటించాలి? ఒంట్లో బాగాలేనివాడు విడిగా ఎక్కడ పడుకోవాలి?

మీటరు దొరికినా సరిపోదు. దగ్గినప్పుడు వచ్చే పెద్ద తుంపరలు కాస్త దూరంలోనే నేల మీద పడిపోతాయి. ఊపిరిలోంచి వచ్చే సన్నని తుంపరలు అలా కావు, గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. అందరూ రాత్రంతా పీల్చేది అదే గాలి. పైగా కుర్రవాళ్లలో చాలామందికి లక్షణాలే కనబడవు, కాబట్టి జ్వరం చూసి రోగిని పట్టుకోవడం కుదరదు.

ఏప్రిల్ 5న రెండు పెద్ద డార్మిటరీలను మూసేసి, సుమారు 20 వేల మందిని లోపలే ఉండమన్నారు. వైరస్ ఊళ్లోకి రాకుండా చూడటానికి అది పనికొచ్చి ఉండవచ్చు. కానీ లోపలున్నవాళ్లను కాపాడాలంటే ముందు గదులు పలచబడాలి. తర్వాత కొందరిని సైనిక శిబిరాలకూ, ఖాళీ ఫ్లాట్లకూ, నీటి మీద తేలే వసతులకూ తరలించారు.

డిసెంబరు నాటికి లెక్క తేలింది. డార్మిటరీల్లోని 3 లక్షల 23 వేల మందిలో 54,505 మందికి పీసీఆర్ పరీక్షలో వైరస్ కనబడింది. ఆ పరీక్ష ఒంట్లో వైరస్ ఆనవాళ్లు ఉన్నన్నాళ్లే పట్టుకోగలదు. రక్తంలో యాంటీబాడీలు నెలల తరబడి నిలుస్తాయి గనుక, వాటిని వెతికితే మరో 98,289 మంది బయటపడ్డారు. రెండూ కలిపితే నూటికి 47 మంది! డార్మిటరీల బయట, 50 లక్షలకు పైగా ఉన్న జనంలో, అప్పటికి నమోదైన స్థానిక కేసులు 2,500 లోపే. కార్మికుల్లో మరణాలు అతి స్వల్పం. అది వారి వయసు చలవ. జాగ్రత్తల గొప్పతనంగా చెప్పుకోవడం న్యాయం కాదు.

భాష సంగతీ ఉంది. సింగపూర్ అధికార భాషలు నాలుగింటిలో తమిళం ఉంది. బెంగాలీ, తెలుగు లేవు. డాక్టరు అడిగేది బెంగాలీ రోగికి అర్థమయ్యేలా అనువాదాలు సిద్ధం చేసి పెట్టింది స్వచ్ఛంద సేవకులు.

ఇలాంటి తేడాలను పట్టించుకోమని చెప్పిన చోట్లూ ఉన్నాయి. బ్రిటన్ 2020 మే 11న నిర్మాణ స్థలాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో సమానత్వానికి విడిగా ఒక భాగమే ఉంది. వికలాంగులకు తగిన మార్పులు చేయాలి, గర్భిణులకు ఎదురయ్యే ముప్పును అంచనా వేయాలి, ఒక జాగ్రత్త ఏ వర్గం మీదైనా అన్యాయంగా భారం మోపుతోందేమో చూడాలి అని యజమానులకు చెప్పారు. ఈ చివరి మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే సింగపూర్‌లో బయటివాళ్లు మాల్స్‌లో తిరుగుతున్న రోజుల్లో కూడా కార్మికులను పనికీ గదికీ కట్టేశారు. 2021 సెప్టెంబరులో సడలింపు మొదలైతే, వారానికి 500 మందికే, టీకా వేయించుకున్నవారికే, కొన్ని గంటలపాటు లిటిల్ ఇండియా వంటి చోట్లకు వెళ్లే వీలు దొరికింది.

2021లోనే కొత్త డార్మిటరీలకు ప్రమాణాలు మార్చారు. గదికి 12 మందికి మించకూడదు, మంచాల మధ్య మీటరు ఎడం ఉండాలి, ఆరుగురికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. పాత డార్మిటరీల్లో గదికి 12 మంది పరిమితి 2030 నాటికి రావాలి. కొత్త ప్రమాణాలన్నీ అందుకోవడానికి మాత్రం వాటికి 2040 దాకా గడువుంది.