గట్టుకు అవతలి ఊరు

గోదావరి ఏటిగట్టుకు ఒకవైపు నది, మరోవైపు ఊళ్లు ఉంటాయని చాలాకాలం నమ్మాను. కోనసీమ లంక గ్రామం నుంచి వచ్చిన నా పరిశోధక విద్యార్థి ఆ భ్రమను తొలగించాడు. “మా ఊరు నది ఉన్న వైపే ఉంది సార్” అన్నాడు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ మట్టాన్నే ప్రమాణంగా తీసుకుని ప్రభుత్వాలు తరువాత గట్లను ఎత్తు చేశాయి. చేయవలసిన పనే. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినా డెల్టా నిలబడింది. కానీ గట్లు బిగిసినకొద్దీ పక్కలకు పోలేని నీరు లంకల మీదనే లేస్తుంది. లంకల్లో అన్ని కులాలవారూ ఉన్నారు. మెరక మీద మేడ ఎవరిది, పల్లపు చివర పేట ఎవరిది అన్నప్పుడే కులం కనిపిస్తుంది. ప్రభుత్వ లంక భూములను సొసైటీల ద్వారా కౌలుకు సాగుచేసే దళితులకు ఆ భూమి సొంతం కాదు; ఏరు కోసుకుపోతే దక్కే పరిహారమూ అంతంతమాత్రమే.

వరద నియంత్రణ పథకానికి నిధులిచ్చే ముందు ప్రయోజన–వ్యయ నిష్పత్తి చూస్తారు. తప్పించగలిగిన నష్టం విలువే అక్కడ ప్రయోజనం. మేడలు, కొబ్బరితోటలు ఆ విలువను పెంచుతాయి. పాక, రెండు మేకలు, పోయిన కూలి దినాలు ఎంత పెంచుతాయి? తరతరాలుగా భూమి దక్కనివ్వని కులవ్యవస్థ ఫలితమే ఇక్కడ రక్షణకు అనర్హతగా మారుతోంది. ఏ అధికారీ కులం పేరు రాయనక్కరలేదు, లెక్కే ఆ పని చేస్తుంది. మా ఆర్థికశాస్త్ర విభాగాలు ఈ సూత్రాన్ని ఇప్పటికీ తటస్థమైనదిగానే బోధిస్తున్నాయి (నేనూ బోధించాను).

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందస్తు నష్టనివారణకు ప్రత్యేకించింది. లంకవాసులు అడుగుతున్నవి ఆ పరిధిలోకి రాదగినవే: ఎత్తైన కాజ్‌వే, మెరక మీద ఇళ్ల స్థలాలు, పశువులు నిలవడానికి మట్టిదిబ్బ. గట్లకు వెచ్చించిన ప్రతి రూపాయితో పాటు, గట్ల లోపలి ఏ పేటకు ఎంత వెచ్చించారో కూడా రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లో చూపాలి. ఆ పట్టిక లేకుండా శాసనసభలో చర్చకు అర్థం లేదు.

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఎగురవేస్తారు. నా విద్యార్థి అంతవరకు ఆగడు, ముందే సెలవు అడుగుతాడు. వాళ్ల ఊరి కాజ్‌వే అప్పటికే మునిగి ఉంటుంది.