ఫొటోల మెయిల్ వెళ్లడం లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

సంఘం సావనీర్‌కు పాత ఫొటోలు కావాలని కబురు వస్తుంది. షోలాపూర్‌లో తాతగారు మగ్గం దగ్గర కూర్చున్న ఫొటో, బరంపురంలో నాయనమ్మ పెళ్లి ఫొటో గోడ మీంచి దించి స్కాన్ చేయిస్తాం. వాట్సాప్‌లో పంపితే 'ప్రింటుకు చాలదు, మెయిల్ చేయండి' అంటారు. ఇంట్లో కంప్యూటర్ తెరిచి ఔట్‌లుక్‌లోనో థండర్‌బర్డ్‌లోనో ఫొటోలు జతచేసి సెండ్ నొక్కుతాం. తెర మీద ఇంగ్లిష్‌లో ఏదో ఎర్రర్ వస్తుంది. మళ్లీ నొక్కుతాం, మళ్లీ అదే. ఈలోగా గడువు దాటిపోతుంది. ఆ ఫొటో లేకుండానే పుస్తకం అచ్చవుతుంది.

మెయిల్ చేయమని వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. వాట్సాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది. మెయిల్‌కు జతచేసిన ఫైలు మాత్రం మనం కుదిస్తే తప్ప ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. కాబట్టి మెయిల్‌ను వదిలేయడం కన్నా, అది ఎందుకు ఆగిందో తెలుసుకోవడం మేలు.

ఎర్రర్లు ఎన్ని రకాలుగా కనిపించినా మెయిల్ ఆగే చోట్లు మూడే. ఒకటి మన కంప్యూటర్, రెండు మన మెయిల్ సర్వర్, మూడు అవతలివారి సర్వర్. సెండ్ నొక్కగానే ఆగితే చాలావరకు లోపం మన కంప్యూటర్‌లోనే. కాసేపు నడిచి 534, 535, 552 లాంటి అంకెతో ఆగితే మన సర్వర్ ఒప్పుకోలేదని అర్థం. మెయిల్ సెంట్‌లో చేరి, కొంతసేపటికి 'డెలివరీ ఫెయిల్డ్' అని తిరుగు మెయిల్ వస్తే చాలావరకు ఆగింది అవతలి వైపే.

ఆ అంకెలో మొదటిది చూడండి. 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, కాసేపాగి పంపితే వెళ్లవచ్చు. 5తో మొదలైతే సర్వర్ తేల్చి చెప్పినట్టే. ఏదో ఒకటి మార్చకుండా పదిసార్లు నొక్కినా ఫలితం ఉండదు.

మొదటి పరీక్ష

మీకు మీరే మూడు మెయిళ్లు పంపుకోండి. మొదటిదానిలో రెండు ముక్కలు రాయండి, ఫొటో వద్దు. రెండోదానికి ఒక చిన్న ఫొటో జతచేయండి. మూడోదానికి పెద్ద ఫొటో. మొదటిదే వెళ్లకపోతే తప్పు ఫొటోలది కాదు, పాస్‌వర్డ్‌లోనో సెట్టింగ్‌లోనో ఉంది. మొదటి రెండూ వెళ్లి మూడోది ఆగితే బరువే కారణమని దాదాపు ఖాయం.

24 ఎంబీ 25లో ఎందుకు పట్టదు?

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. జీమెయిల్‌లో ఒక మెయిల్ 25 ఎంబీ వరకు పంపవచ్చు. మన దగ్గర 4 ఎంబీ ఫొటోలు ఆరు ఉన్నాయి, మొత్తం 24. అయినా కొన్నిసార్లు 552 అని తిప్పి పంపవచ్చు. కారణం ఇది. మెయిల్ అనే ఏర్పాటు మొదట అక్షరాల కోసం పుట్టింది. ఫొటో అందులో వెళ్లాలంటే దాన్ని అక్షరాల రూపంలోకి మార్చాలి. ఆ మార్పులో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. అంటే బరువు మూడో వంతు పైగా పెరుగుతుంది. మన 24 ఎంబీ దారిలో 32 దాటుతుంది. అందుకే 25 పరిమితి ఉన్న చోట ఫొటోలు మొత్తం 18 ఎంబీ మించకుండా చూసుకోండి. ఔట్‌లుక్‌లో జీమెయిల్ లాంటి ఖాతాలకు మామూలుగా 20 ఎంబీ దగ్గరే హద్దు ఉంటుంది. అక్కడ సర్వర్ దాకా పోకుండానే 'అటాచ్‌మెంట్ సైజ్' అంటూ ఆపేస్తుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఫొటోలను రెండు మూడు మెయిళ్లుగా విడగొట్టి, సబ్జెక్టులో 1/3, 2/3, 3/3 అని రాయడం తేలిక. రెండోది బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి పంపడం. అక్కడ 25 ఎంబీ దాటితే అదే డ్రైవ్ లింకుగా మారుతుంది. కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాం నుంచి పంపితే ఆ వెసులుబాటు ఉండదు. లింకు పంపేటప్పుడు 'లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు' అనే అనుమతి ఇవ్వండి, లేకపోతే అవతలివారు తెరవలేరు. మూడోది ఫొటోను కుదించడం. పాత ఔట్‌లుక్‌లో ఫొటో జతచేశాక ఫైల్, ఇన్ఫోలోకి వెళితే పెద్ద ఫొటోలను కుదించే ఎంపిక కనిపిస్తుంది.

అయితే ప్రింటుకు పంపేటప్పుడు ఈ మూడోది వద్దు. ఔట్‌లుక్ ఫొటోను 1024×768కి కుదిస్తుంది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ ఫొటో మూడున్నర అంగుళాల వెడల్పు కూడా రాదు. అదే 4×6 అంగుళాల పాత ఫొటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 చుక్కలు వస్తాయి, పేజీ నిండా వేసుకోవచ్చు. దాన్ని టిఫ్‌గా దాస్తే ఒక్కటే దాదాపు 25 ఎంబీ ఉంటుంది. మెయిల్‌కు జేపెగ్ కాపీ చేసి పంపండి, టిఫ్‌ను ఇంట్లో భద్రంగా ఉంచండి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా 535

'నిన్నటిదాకా పని చేసింది' అని చాలామంది అంటారు. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు ఖాతాల్లో పాత పద్ధతి లాగిన్‌ను ఆపడం మొదలుపెట్టింది. మెయిల్ ప్రోగ్రాంలో అసలు పాస్‌వర్డ్ రాసి పంపడం ఇప్పుడు కుదరదు. మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16న అదే పని చేసింది. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్, ఔట్‌గోయింగ్ సర్వర్‌లోకి వెళ్లి, అథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 ఎంచుకోండి. సెండ్ నొక్కితే గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. ప్రోగ్రాం మరీ పాతదైతే, జీమెయిల్ ఖాతాలో రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. 534 అని వస్తే గూగుల్ అడుగుతున్నది దాన్నే.

మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదంటే పోర్టు కూడా చూడండి. ఎస్ఎస్ఎల్ అయితే 465, స్టార్ట్‌టీఎల్ఎస్ అయితే 587 ఉండాలి. పాత 25 పోర్టును చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేశాయి.

కంప్యూటర్‌లోనే ఆగితే

విండోస్ 10తో వచ్చిన 'మెయిల్' యాప్ వాడుతున్నారా? 2024 డిసెంబర్ 31తో దాని పని ముగిసింది. ఎంత సరిచేసినా అందులోంచి మెయిల్ పోదు, వేరే ప్రోగ్రాంకు మారాల్సిందే. ఫొటో మీద రైట్ క్లిక్ చేసి పంపబోతే 'ఈమెయిల్ ప్రోగ్రాం ఏదీ లేదు' అన్న అర్థంతో ఎర్రర్ వస్తే, సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్ దగ్గర మీ ప్రోగ్రాంను ఎంచుకోండి. అయినా కుదరకపోతే ప్రోగ్రాం తెరిచి లోపలి నుంచే ఫొటో జతచేయండి.

పెన్‌డ్రైవ్‌లోంచో, కేబుల్‌తో కలిపిన ఫోన్‌లోంచో నేరుగా జతచేసి, సెండ్ నొక్కేలోపు దాన్ని తీసేస్తే ఫైలు దొరకలేదనే ఎర్రర్ వస్తుంది. ముందు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని అక్కడి నుంచి జతచేయండి. పెద్ద మెయిల్ ఔట్‌బాక్స్‌లో ఇరుక్కుని, వెనకున్న మెయిళ్లను కూడా ఆపేస్తే, ఔట్‌లుక్‌ను 'వర్క్ ఆఫ్‌లైన్'లో పెట్టి, దాన్ని డ్రాఫ్ట్స్‌లోకి లాగి ఫొటోలు తగ్గించండి. తర్వాత ఆఫ్‌లైన్ తీసేయడం మరవకండి.

వెళ్లింది, అయినా ఫిర్యాదు

థండర్‌బర్డ్ ఒక్కోసారి 'మెయిల్ వెళ్లింది, కానీ సెంట్‌లో కాపీ దాచలేకపోయాం' అన్న అర్థంతో చెబుతుంది. అది చూసి మళ్లీ మళ్లీ పంపితే అవతలివారికి అవే ఫొటోలు నాలుగుసార్లు చేరతాయి. జీమెయిల్ సెంట్ కాపీని తానే దాచుకుంటుంది కాబట్టి, థండర్‌బర్డ్‌లో కాపీ పెట్టే ఎంపిక తీసేయవచ్చు.

ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో వెళితే కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోవు, జేపెగ్‌గా మార్చి పంపండి. ఫొటోకు బదులు 'విన్‌మెయిల్ డాట్ డాట్' అనే ఫైలు చేరిందని అవతలివారు చెబితే, మీ ఔట్‌లుక్‌లో మెయిల్ ఫార్మాట్ 'రిచ్ టెక్స్ట్' నుంచి 'హెచ్‌టీఎంఎల్'కు మార్చండి.

తిరుగు మెయిల్‌లో 'కోటా', 'మెయిల్‌బాక్స్ ఫుల్' అని ఉంటే అవతలివారి చోటు నిండింది. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. వాళ్లకు ఫోన్ చేసి ఖాళీ చేయమని చెప్పడమే మార్గం. ఒక జాగ్రత్త: నిజమైన తిరుగు మెయిల్ మీ పాస్‌వర్డ్ అడగదు. అడిగిందంటే అది మోసం, లింకు నొక్కకండి.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు 'పోవడం లేదు' అని మాత్రమే చెప్పకండి. ఎర్రర్‌లో అంకె ఏమిటి, ఏ ప్రోగ్రాం, ఫొటోలు మొత్తం ఎన్ని ఎంబీలు అన్న మూడూ కాగితం మీద రాసి చెప్పండి. ఊళ్లో ఉన్న మనవడైనా ఫోన్‌లోనే దారి చెప్పగలడు. మెయిల్ చేరిందని అవతలివారి నోటి నుంచి వినేదాకా స్కాన్ ఫైలును చెరపకండి. చేరాక కూడా ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. గోడ మీది ఫొటో ఏటేటా వెలిసిపోతూనే ఉంటుంది.