గినీపిగ్ తినడం తగ్గించిందా? ముందు తూకం వేయండి

కుక్కపిల్ల కావాలని పిల్లలు మారాం చేస్తే, అపార్ట్‌మెంట్‌లో కుదరదని గినీపిగ్‌తో సరిపెట్టిన పేరెంట్స్ మనలో కొందరున్నారు. షో అండ్ టెల్ పీరియడ్‌లో వాటి కబుర్లు బాగానే వింటుంటాను. ఈ మధ్య ఐదో తరగతి పాప ఒకరు, "మేడమ్, మా చీకూ క్యారెట్ చూడగానే పరిగెత్తుకొస్తుంది, వాసన చూసి వెళ్లిపోతుంది. నా మీద అలిగింది" అంది.

ఆహారం దగ్గరికి వచ్చి కూడా తినలేదంటే అది చాలాసార్లు అలక కాదు, పళ్ల సమస్య. గినీపిగ్‌కు 20 పళ్లుంటాయి. అవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. రోజంతా ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయి. గడ్డి తక్కువ పెట్టి పెల్లెట్లు, కూరగాయలతో కడుపు నింపితే దవడ పళ్లు పెరిగి నాలుక మీదికి వంగుతాయి. ఆకలి ఉంటుంది, కానీ నమిలి మింగలేదు. గడ్డం కింద చొంగతో తడి, నోట్లోంచి జారిపోయే ముక్కలు, మెత్తటివి మాత్రమే ఏరుకుని తినడం దీనికి గుర్తులు. ముందరి పళ్లు బాగున్నాయని ధైర్యపడకండి, లోపలి పళ్లను డాక్టర్ పరికరంతో చూడాల్సిందే. ఆ పాప వాళ్ల అమ్మగారికి డైరీలో ఇదే రాశాను. వెట్ చూస్తే దవడ పళ్లే అడ్డమని తేలింది.

రెండో ముఖ్య కారణం విటమిన్ సి లోపం. మనుషుల్లాగే గినీపిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు. కుందేలు చేసుకోగలదు కాబట్టి కుందేళ్ల పెల్లెట్లు దీనికి సరిపోవు. లోపం ఉంటే కీళ్లు నొప్పి పుట్టి గిన్నె దాకా రావడానికే ఇష్టపడదు, బొచ్చు గరుకుగా మారుతుంది, చిగుళ్లలో రక్తం రావచ్చు. చవకని పెద్ద ప్యాకెట్ కొని నెలల తరబడి వాడితే అందులోని విటమిన్ సి తగ్గిపోతుంది, మన ఎండాకాలం వేడికి మరీ త్వరగా. రోజూ ఒక క్యాప్సికమ్ ముక్క, కాస్త కొత్తిమీర పెట్టండి. జామకాయ మంచిదే, కానీ తీపి కాబట్టి అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. మూత్రాశయంలో రాళ్లు, ఆడవాటిలో అండాశయ తిత్తులు, ఎండదెబ్బ, తోడు గినీపిగ్ చనిపోవడం వల్ల కూడా తిండి తగ్గుతుంది.

కారణం ఏదైనా వ్యవధి తక్కువ. దీని పేగుల్లో గడ్డి ఎప్పుడూ కదులుతూ ఉండాలి. సగం రోజు పూర్తిగా తినకపోతే పేగులు నెమ్మదించి, గ్యాస్ చేరి, ఆ నొప్పికి ఇంకా తినడం మానేస్తుంది. పెంటికలు చిన్నవై, తగ్గిపోయాయంటే ఆదివారం దాకా ఆగకండి.

ఇక తూకం సంగతి. జబ్బు దాచుకోవడం దీని స్వభావం, వేటాడే జంతువుల నుంచి బతకాలి కదా! పైగా బొచ్చు సన్నబడిన ఒంటిని కప్పేస్తుంది. ఒకే బోనులో రెండుంటే గిన్నె ఖాళీ అయినా ఎవరు తిన్నారో తెలియదు. అందుకే కిచెన్ స్కేల్ మీద డబ్బా పెట్టి, వారానికోసారి ఒకే సమయానికి తూచండి. పెద్దవి సాధారణంగా 700 నుంచి 1200 గ్రాములుంటాయి. 20, 30 గ్రాముల తేడా మామూలే. వారంలో 50 గ్రాములు తగ్గితే డాక్టర్‌కు ఫోన్ చేయండి, 100 తగ్గితే అదే రోజు తీసుకెళ్లండి. అంకెలు రాసే పని పిల్లలకే ఇవ్వండి. లైన్ గ్రాఫ్ పాఠం కూడా అయిపోతుంది (మ్యాథ్స్ మేడమ్ సంతోషిస్తారు).

ఫ్రిజ్‌లో మిగిలిన పిల్లల యాంటీబయాటిక్ సిరప్ మాత్రం పోయకండి. మనకు మామూలైన అమాక్సిసిలిన్ దాని పేగుల్లోని మంచి బాక్టీరియాను చంపి ప్రాణం తీయగలదు. అందరు వెట్‌లూ గినీపిగ్‌లను చూడరు, ముందే ఫోన్‌లో అడగండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని వెటర్నరీ కాలేజీల్లో విచారించండి. వెళ్లేటప్పుడు బరువుల నోట్‌బుక్, పెల్లెట్ల ప్యాకెట్ తీసుకెళ్లండి. జతగా పెంచుతుంటే రెండోదాన్నీ బుట్టలో పెట్టండి, తోడుంటే దారిలో బెదరదు.