మీకు తెలుసా? ‘భోగాపురం’ పొడవు ఎనిమిది!

విజయనగరం జిల్లా భోగాపురం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. ఊరి పేరు, రహదారి నంబరు కలిపి ‘భోగాపురం16’ అని జావాస్క్రిప్ట్ ప్రోగ్రామింగ్ భాషకు ఇస్తే పొడవు 10 అని చెబుతుంది. ఎలాగంటే:

• అక్షరాలు 4: భ, గ, ప, ర
• గుర్తులు 4: ఓత్వం, దీర్ఘం, కొమ్ము, సున్న
• అంకెలు 2: 1, 6

‘ఎ నుంచి జెడ్’ వరకే వెతికే పాత పద్ధతికి ఇందులో ఒక్క అక్షరమూ దొరకదు. జావాస్క్రిప్ట్ 2018 ప్రమాణంలో చేరిన యూనికోడ్ ప్రాపర్టీ ఎస్కేప్స్ వీటిని రకాలవారీగా విడదీస్తాయి. భో, గా, పు, రం అని మనం పలికినట్టే విడగొట్టాలంటే జావాస్క్రిప్ట్‌లోని సెగ్మెంటర్ వాడాలి.

తెలుగు పేర్లు తీసుకునే ఫారం తయారుచేసేవారు అక్షరాలతోపాటు గుర్తులనూ అనుమతించాలి. లేకుంటే సరిగ్గా రాసిన పేరునే ఫారం తప్పంటుంది.