నిద్రవేళ పిల్లల భయం – ఇంట చేసుకొనదగిన నీడబొమ్మ

మూడేళ్ల నుండి ఏడేళ్ల లోపు పిల్లలున్న ఇంట, దీపం ఆర్పగానే "అమ్మా, గోడమీద ఏదో ఉంది" అనే మాట వినని తల్లి అరుదు. ఈ మాటను కొందరు పెంకితనమని కసురుతారు. కొందరు దిష్టి తీసి, తాయెత్తు కట్టి ఊరుకుంటారు. మరికొందరు బిడ్డను వెంటబెట్టుకొని మావంటి వైద్యుల వద్దకు వచ్చి, ధైర్యం కలిగించే లేహ్యమేదైనా ఇవ్వమని అడుగుతారు. అట్లు అడిగినవారికి నేనూ చాలాకాలం లేహ్యాలు, ఘృతాలు ఇచ్చినవాడినే. పెనుకొండ బాలుని విషయంలో నేను చేసిన పొరపాటు నా పద్ధతిని మార్చినది. అందుచేత ముందుగా దానిని చెప్పెదను.

ఆ బాలునికి ఆరేళ్లు. తల్లి ఉపాధ్యాయిని. హిందూపురంలోని నా వైద్యశాలకు అతనిని తీసుకొని వచ్చినది. రాత్రి తొమ్మిది గంటలకు పడుకోబెడితే పదకొండు దాటినా నిద్ర లేదు. తల్లి కొంగు పిడికిట పట్టుకొని వదలడు. ముఖం దుప్పటిలో దాచుకొని చెమటతో తడిసిపోతాడు. నేను నాడి చూశాను, నాలుక చూశాను, ఆకలి, మలబద్ధం మొదలైనవన్నీ తల్లిని అడిగి తెలుసుకొన్నాను. వాతం ప్రకోపించినదని నిశ్చయించి, పాలతో బ్రాహ్మీఘృతం ఇమ్మని, అరికాళ్లకు నువ్వులనూనె మర్దనా చేయమని చెప్పి పంపాను. రెండు నెలలు గడిచాయి. ఆకలి బాగుపడినది, బుగ్గలు నిండినవి. భయం మాత్రం తగ్గలేదు సరికదా, పొద్దు గుంకగానే మొదలుకాసాగినది.

ఆ తరువాత బాలుని అవ్వకు మోకాళ్లనొప్పులని పిలిస్తే పెనుకొండకు వెళ్లాను. వారి ఇల్లు రోడ్డు మలుపును ఆనుకొని ఉన్నది. చీకటి పడినది. బాలుడు పడుకొనే గదిలోనే కూర్చొని మాట్లాడుతుండగా కరెంటు పోయినది. ఇంతలో మలుపులో ఒక లారీ తిరిగినది. దాని వెలుగు కిటికీ ఊచల సందుల నుండి లోనికి వచ్చి, ఊచల నీడలు పొడవాటి వేళ్లవలె గోడమీద ఈ మూల నుండి ఆ మూలకు పాకినవి. "అదో తాతా, వచ్చినాడు" అని బాలుడు నా చేయి పట్టుకొన్నాడు. ఆ చేయి చల్లగా ఉన్నది.

రెండు నెలలలో తల్లిని నేను అనేక ప్రశ్నలు వేశాను. బిడ్డను ఒక్కటి అడగలేదు. "నాయనా, నీకేమి కనబడుతున్నది?" అని అడిగి ఉంటే మొదటి దినమే తెలిసెడిది. ఆరేళ్లవాడు రోగి కాడు, రోగిని గూర్చి తల్లి చెప్పవలెనన్న అలవాటు నాకు గురుకులం నుండి వచ్చినది కాదు. తీరిక లేకపోవుట వలన నేను తెచ్చుకొన్నది.

ఆ నీడకు పేరు పెట్టినదెవరో కూడా ఆ రాత్రియే తెలిసినది. "వీడు అన్నం తినకుంటే బూచోడొస్తాడని అంటాం సామీ. అనకుంటే ఎట్ల తింటాడు?" అన్నది అవ్వ. పగలు ముద్ద మింగించిన బూచివాడు రాత్రి గోడమీదకు రాకుండునా?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో బాలుని పెంపకాన్ని గూర్చి చెప్పుచు, ఏడ్చినా, తినకపోయినా, మాట వినకపోయినా బిడ్డను భయపెట్టుట మంచిది కాదని, రాక్షసులు, పిశాచాలు, పూతన మొదలైనవారి పేర్లు చెప్పి బెదిరించరాదని స్పష్టంగా నిషేధించియున్నారు. అక్కడనే ఆటవస్తువుల లక్షణాలు కూడా కలవు. అవి రంగురంగులుగా, చప్పుడు చేయుచు, మనోహరంగా ఉండవలెను. బరువుగా, మొనదేలి, నోట పట్టునంత చిన్నవిగా, ప్రాణాపాయకరంగా ఉండరాదు. చివరి నియమం, భయం గొలిపేవిగా ఉండరాదు. చికిత్సాస్థానంలో కామ, శోక, భయాలు వాతాన్ని ప్రకోపింపజేయునని చెప్పి, వాటివలన పుట్టిన జ్వరానికి ఊరడింపు, కోరినది లభింపజేయుట, వాతశమనం, సంతోషపెట్టుట అనే ఉపాయాలు చెప్పారు. నేను వీటిలో వాతశమనం ఒక్కటే చేసి, తక్కినవి విడిచిపెట్టాను.

తక్కినవాటికి మార్గం అవ్వయే చూపినది. ఆమె పుట్టినిల్లు ధర్మవరం దగ్గరి పల్లె. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. మేకతోలును శుభ్రపరచి, పలుచగా, వెలుగు పారునట్లు చేసి, బొమ్మ గీసి, సన్నని రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, చేతులు కాళ్లు కదలునట్లు దారంతో కడతారు. తెల్లని గుడ్డ వెనుక దీపం ఉంచి ఆడిస్తారు. ఇప్పుడు వారు దీపాలకు గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు కూడా చేసి అమ్ముచున్నారు. అవ్వ చిన్ననాట ఆ ఆటలు తెల్లవార్లు చూసినది. రావణుడు పది తలలతో తెరమీద నిలిచినప్పుడు పిల్లలందరూ వణికేవారట. వెంటనే కేతిగాడు, బంగారక్క వచ్చి వికటపు మాటలాడగానే ఆ వణుకు నవ్వుగా మారేదట. "తెర వెనక్కి పోయి చూస్తే రావణాసురుడు బెత్తెడు తోలే కదా సామీ" అన్నదామె. నాకు కావలసిన చికిత్స అదే. బిడ్డను తెర వెనుకకు తీసుకొని పోవలెను.

తోలు అవసరం లేదు. పాత శుభలేఖ అట్ట చాలు. చేయు విధం ఇది.

ముందుగా పగటిపూట, బిడ్డ కడుపు నిండియున్నప్పుడు, "నీకు కనబడేది ఎట్లుంటుందో గీయి" అని పెన్సిలు ఇవ్వండి. గీతలు దిద్దకండి. అది చేయియో తోకయో మీకు తెలియకపోయినా ఫరవాలేదు. ఆ బొమ్మను 6 అంగుళాల ఎత్తున అట్టమీదకు ఎత్తి, పెద్దలే కత్తిరించవలెను. ఒక చేతిని విడిగా కత్తిరించి, భుజం వద్ద దబ్బనంతో రంధ్రం చేసి, దారం దూర్చి రెండువైపులా ముడి వేస్తే ఆ చేయి ఆడుతుంది. కళ్లకు, చొక్కా గుండీలకు దబ్బనంతోనే రంధ్రాలు పొడవండి. నీడలో ఆ చోట్ల వెలుగు చుక్కలు పడతాయి, పిల్లలకు అవి మహా ఇష్టం. ఒడలికి ఒకటి, ఆడే చేతికి ఒకటి చీపురుపుల్లలు మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించి, పుల్లల కొనలకు కాగితం చుట్టి మొద్దుగా చేయండి. రెండవ బొమ్మగా బిడ్డకు నచ్చినదానిని, పిల్లియో, మీసాల కేతిగాడో, వాని ఇష్టప్రకారం చేయండి.

సాయంత్రం, పడకకు గంట ముందు, బిడ్డ భయపడే గోడకు ఎదురుగానే నాలుగు అడుగుల దూరంలో టార్చిలైటు ఉంచండి. సెల్‌ఫోను వెనుకనున్న చిన్న దీపమైతే నీడ మరింత స్పష్టంగా పడుతుంది. అయితే ఆట కాగానే ఫోను ఆ గది బయటకు పోవలెను. నూనెదీపం, కొవ్వొత్తి పనికిరావు. అట్టయు, గుడ్డయు, చిన్నపిల్లవాడును ఒకచోట ఉన్నప్పుడు నిప్పు ఉండరాదు. ఇప్పుడు బొమ్మను గోడకు ఆనించి పట్టుకొంటే నీడ 6 అంగుళాలే. సరిగా నడుమకు, అనగా రెండు అడుగుల వద్దకు తెస్తే 12 అంగుళాలు. దీపానికి ఒక అడుగు దూరానికి తెస్తే 24 అంగుళాలు. బొమ్మ మారలేదు, దీపం మారలేదు. బూచివాడు నాలుగింతలైనాడు. దీనిని మీరు వివరించి చెప్పకండి. పుల్ల బిడ్డ చేతికి ఇచ్చి ఊరకుండండి. రెండు నిమిషాలలో వాడే కనుగొంటాడు.

పెనుకొండ బాలుడు మొదటి రాత్రి బొమ్మను ముట్టలేదు, అవ్వ ఆడిస్తుంటే తల్లి వెనుక నుండి చూశాడు. మూడవనాడు పుల్ల పట్టుకొన్నాడు. పొడవాటి వేళ్లవానిని గోడనిండా పెంచి, మరల గోడ దగ్గరకు తెచ్చి బెత్తెడు చేసి, "నువ్వు అన్నం తినలేదు, అందుకే చిన్నగైనావు" అని వానిని మందలించాడట. ఆ మాట విన్నప్పటి నుండి అవ్వ బూచిమాట మానినది. వారం దినాలకు, లారీ వెలుగు వచ్చినప్పుడు తన చేతిని అడ్డుపెట్టి, గోడమీది వేళ్లతో తన వేళ్లను కలుపుట నేర్చుకొన్నాడు. పూర్తిగా నిద్ర కుదుటపడుటకు మూడు వారాలు పట్టినది. నడుమ బంధువుల ఇంట పెండ్లికి పోయి వచ్చిన నాలుగు రాత్రులు పాతభయం మరల కనబడినది. అట్లు జరుగుట సహజం, మరల ఆడించితే సరిపోయినది. కిటికీకి మందపాటి తెర కట్టమని కూడా చెప్పాను. ఆ పని మొదటనే చేయలేదేమని అడుగవచ్చు. చేసి ఉంటే ఆ నీడ పోయెడిది. కాని వేసవిలో కిటికీ తెరిచిన రాత్రి మరల వచ్చెడిది.

ఆటతోపాటు నిత్యవిధులు విడువరాదు. తలకు, చెవులకు, పాదాలకు తైలాభ్యంగం విశేషంగా చేయవలెనని, అభ్యంగం నిద్రను కలిగించునని అష్టాంగహృదయం చెప్పుచున్నది. గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్లకు ఐదు నిమిషాలు చాలు, తరువాత పాదాలు తుడవండి, లేనిచో జారిపడతారు. రాత్రి భోజనం పడకకు రెండు గంటల ముందు. కొందరు తల్లులు నిద్రకని జాజికాయ అరగదీసి పాలలో ఇస్తారు. వస కూడా అట్లే వాడతారు. మోతాదు మించితే రెండూ హానికరం, పిల్లలకు మీ అంతట మీరు ఇవ్వకండి. చిన్న పసుపుపచ్చని దీపం ఒకటి రాత్రంతా వెలిగియుండుట వలన బిడ్డ పిరికివాడు కాడు, ఆ సందేహం వద్దు.

నీడబొమ్మ అన్ని భయాలకు మందు కాదు. నిద్రపట్టిన మొదటి రెండు మూడు గంటలలో హఠాత్తుగా లేచి, కళ్లు తెరిచి కేకలు వేయుచు, మిమ్ములను గుర్తుపట్టక, తెల్లవారి ఏమియు జ్ఞాపకం లేని పిల్లలు కలరు. అది పీడకల కాదు. వారిని కుదిపి లేపక, క్రింద పడకుండ కాచుకొంటే కొద్దిసేపటికి దానంతట అది తగ్గును. కాళ్లు చేతులు కొట్టుకొన్నా, నోట నురుగు వచ్చినా, నిద్రలో గట్టిగా గురకపెట్టి ఊపిరి ఆగినట్లున్నా ఆలస్యం చేయక ఆసుపత్రిలో పిల్లల వైద్యునకు చూపవలెను.

ఇంకొకటి. హిందూపురంలోనే తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు, అంతవరకు ఒంటరిగా పడుకొనేవాడు, అకస్మాత్తుగా నిద్రకు భయపడసాగినాడు. పక్క తడపసాగినాడు. పెనుకొండ అనుభవం తరువాత గనుక ఈసారి వానినే అడిగాను, తల్లిని బయట కూర్చోమని. ట్యూషనులో దెబ్బలు. తెల్లవారితే అక్కడికి పోవలెను గనుక వానికి రాత్రి నిద్ర రాదు. అటువంటి బిడ్డకు బొమ్మ ఇచ్చి ఆడుకోమనుట అన్యాయం. ఆ ట్యూషను మాన్పించిన తరువాతనే వాడు కుదుటపడినాడు. పెద్దవారెవరివలననైనా బిడ్డకు కీడు జరుగుచున్నదని తోచినప్పుడు 1098 నంబరుకు ఫోను చేయవచ్చును, అది పిల్లల సహాయం కొరకే ఉన్నది.

అట్టబొమ్మ నెలకో రెండు నెలలకో నలిగిపోతుంది. కొత్తది చేయుటకు మరొక శుభలేఖ దాచి ఉంచండి. పాతదానిని మాత్రం బిడ్డను అడగకుండా పారవేయకండి.